గట్టు మీది శ్రావణం

మా ఇంట్లో తెల్లవారడం మామ్మ చేతిలో ఉండేది. కోడి ఇంకా కూయకముందే దొడ్డి తలుపు గడియ తీసిన చప్పుడు, ఆ వెంటనే బానలో చెంబు ముంచిన చప్పుడు, ఆ వెంటనే వాకిట్లో పేడనీళ్లు చల్లిన చప్పుడు, ఈ మూడూ వరసగా వినపడ్డాయంటే ఇంకో కునుకు తీయడానికి మాకు వ్యవధి ఉందని అర్థం. తరవాత నూతి గిలక కిర్రుమనేది. తడిచీరతో మామ్మ తులసికోట చుట్టూ తిరుగుతూ గోవింద నామాలు చదువుకునేది. ఆ నామాలు గట్టిగా వినపడితే ఆవిడ మా కిటికీ వైపుందనీ, సన్నగిల్లితే గాదె వైపు తిరిగిందనీ దుప్పటి ముసుగులోంచే చెప్పేసేవాళ్లం. ఆఖర్న శివాలయంలో గంట మోగేది. గంట మోగాక మంచం మీద ఎవరున్నా ఆవిడ ఊరుకునేది కాదు. "గుళ్లో దేవుడే లేచాడు, మీరింకా లేవరేవే?" అంటూ దుప్పట్లు లాగేసేది.

దేవుడి గది అని పేరేగాని అది గది కాదు. వంటింటికీ గాదె గదికీ మధ్య మిగిలిపోయిన ఓ మూల. పసుపు రాసిన పీట, దాని మీద చింతపండుతో తోమీ తోమీ ముక్కూ మొహం అరిగిపోయిన ఇత్తడి లక్ష్మీదేవి, వేలెడంత బాలకృష్ణుడు, ఎవరో పెద్దలు కాశీ నుంచి తెచ్చిన గంగచెంబు, గోడకి అంతర్వేది తీర్థంలో కొన్న నరసింహస్వామి పటం. హారతి కర్పూరం, నేతి దీపం కొడిగట్టిన కమురు, గాదెలో ధాన్యం, వంటింట్లోంచి ఇంగువ పోపు, అన్నీ కలిసి ఆ మూలకి ఓ వాసన ఉండేది. ఇప్పటికీ పాతకాలపు ఇంట్లో అడుగుపెడితే ముందు ఆ వాసన కోసమే వెతుక్కుంటాను. మామ్మకి దేవుడంటే ఆ మూల, ఆ తులసికోట, ఆ గంట. వేళకి వేళ, చోటుకి చోటు. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లైనా ఆ వరస తప్పగా నేను చూడలేదు, ఆ శ్రావణం దాకా.

మాది లంక. గన్నవరం దగ్గర వశిష్ఠ గోదావరి నుంచి వైనతేయ విడిపోతుంది చూశారూ, ఆ చుట్టుపక్కల నీళ్ల మధ్య తేలినవే మా లంకలన్నీ. గరుత్మంతుడు తపస్సు చేసి తెచ్చుకున్న పాయ కాబట్టి వైనతేయ అయిందని మామ్మ చెప్పేది. ఆ పాయ మీదుగానే కాటన్ దొర కాలంలో అక్విడక్టు కట్టి పంటకాలువని దాటించారు. కిందా గోదారే, పైనా గోదారే. ఆ వింత చూడ్డానికి చుట్టాలొచ్చినప్పుడల్లా మమ్మల్నీ వెంటబెట్టుకుని వెళ్లేవారు. లంకలోంచి బయటికి వెళ్లాలంటే పడవ తప్ప వేరే దారి లేదు. మందుకీ పడవే, పెళ్లికొడుక్కీ పడవే, అంబాజీపేట వెళ్లే కొబ్బరికాయలకీ పడవే. కంద, పసుపు, అరటి, తమలపాకు తోటలు, గట్ల వెంట కొబ్బరి. వేసవిలో చెప్పుల్లేకుండా నడిస్తే అరికాలికి మెత్తగా తగిలే ఒండ్రు నేల. ఆ నేల గోదారి తెచ్చి పోసిందే. "అమ్మ ఇచ్చిన నేలరా ఇది, అమ్మ అడిగినప్పుడు నాల్రోజులు వదిలిపెట్టి పక్కకి తప్పుకోవాలి" అనేవాడు తాతయ్య. ఆయన 1953 వరద చూసినవాడు. వరదలంటే భయం కంటే మర్యాద ఎక్కువ ఉండేది మా పెద్దవాళ్లకి.

అది 1986. అక్షయ నామ సంవత్సరం. శ్రావణ మాసం. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 15న పడింది. మా బళ్లో జెండా పండగా, మా ఇంట్లో పండగా ఒక్కనాడే రావడం మా పిల్లలందరికీ పట్టరాని సంబరం. ఇంట్లో వారం ముందు నుంచే హడావిడి. అటక మీంచి బూరెల మూకుడు దిగింది. అమ్మా పిన్నీ పీటలు, తలుపులు కడిగి పసుపు కుంకాలు పెట్టారు. తోరాలకి దారం పసుపులో తడిపి ఆరేశారు. కలశం మీదకి కొబ్బరికాయ, పిలక పెద్దగా ఉన్నది, తాతయ్య స్వయంగా ఏరి పక్కన పెట్టాడు. కొత్త రవికెగుడ్డ మా అత్త అమలాపురం నుంచి పంపింది. శనగలు గురువారం రాత్రి నానబోయాలని మామ్మ రెండుసార్లు గుర్తుచేసింది. బయట మాత్రం ముసురు. పట్టిన ముసురు పట్టినట్టే ఉంది. ఆరేసిన బట్ట ఆరదు, పొయ్యిలో కొబ్బరి డొక్కలు మండక ఇల్లంతా పొగ.

గోదారి ఎప్పుడో ఎర్రబడింది. ఎర్రనీళ్లు రావడం మాకు కొత్త కాదు, పులస దొరికే రోజులు కూడా అవే. బాబాయి రేవులో వలవాళ్లతో బేరాలాడి రావడం ఏటా ఉండేదే. కానీ ఆసారి నీళ్ల మీద నురగ ముద్దలు ముద్దలుగా, గుమ్మడికాయంతేసి కొట్టుకొస్తోంది. తాతయ్య రేవు దగ్గర నీటి అంచున ఓ వెదురుపుల్ల గుచ్చి, పొద్దున్న చూసి, మధ్యాహ్నం చూసి, ఏమీ మాట్లాడకుండా ఇంకో పుల్ల ఇంకాస్త మీదకి గుచ్చేవాడు. రేడియోలో విజయవాడ ప్రాంతీయ వార్తలు వచ్చే వేళకి మా అరుగు నిండిపోయేది. భద్రాచలం దగ్గర నీళ్లు అంత పెరిగాయి, ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, రెండోది ఇచ్చారు. ప్రాణహిత, ఇంద్రావతి రెండూ ఒక్కసారే దిగాయనీ, కూనవరం దగ్గర శబరి కూడా తోడైందనీ, ఇంక ఆగేది కాదనీ పెద్దవాళ్లు నెమ్మదిగా చెప్పుకునేవారు. ఎక్కడో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన నీళ్లు మా గుమ్మం ముందు అరటిమొక్కని పలకరించడానికి రావడమంటే నాకు భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉండేది.

గురువారం సాయంత్రం బడవతల పల్లంలోకి నీళ్లొచ్చాయి. తాతయ్య "పదండి" అన్నాడు. అంతే, ఇంకెవరూ ఏమీ అడగలేదు. ధాన్యం బస్తాలు అటకెక్కాయి. గేదెల పలుపులు విప్పారు. ఈదగలిగినవాటిని ఈదించారు, దూడల్ని పడవెక్కించారు. ఇత్తడి దేవుళ్లని మామ్మ ఓ గంపలో పాతచీర పరిచి పడుకోబెట్టి, అటక మీద బియ్యం డబ్బా పక్కన పెట్టించింది. "పడవలో మనుషులకే చోటు లేదు, వాళ్లు మెట్ట మీదే ఉన్నార్లే" అంది. తను మాత్రం ఓ ఇత్తడి చెంబు, కుంకుమ భరిణె, కొంగున మూటకట్టిన నాలుగు ఇండుపగింజలు, ఇవే పట్టుకుంది. పడవ కదిలాక వెనక్కి తిరిగి చూస్తే, మసక చీకట్లో తులసికోట చుట్టూ నీళ్లు తిరుగుతున్నాయి. మామ్మ రోజూ తిరిగే వైపే తిరుగుతున్నాయి. ఆ సంగతి ఆవిడే నాకు చూపించింది.

ఏటిగట్టు మీద ఆ రాత్రికే ఓ ఊరు లేచింది. మీదీ గోదారి పక్క ఊరైతే మీకు నేను చెప్పక్కర్లేదు. తాటాకులు, కొబ్బరి మట్టలు, టార్పాలిన్లు, పాత పంచెలు, ఏది దొరికితే అది కప్పుగా వేసి సరుగుడు బాదులు నిలబెట్టేశారు. ఓ పక్క మనుషులు, ఓ పక్క గొడ్లు, మధ్యలో కోళ్ల గంపలు. తడిసిన గడ్డి, పేడ, కిరోసిన్ లాంతరు, పచ్చిపుల్లల పొగ, చిన్నపిల్లల ఒంటికి రాసిన ఆముదం, వీటన్నిటి వాసనా ఒక్కటైపోయింది. మర్నాటి నుంచి వంట ఉమ్మడే. ఇంటికింత బియ్యం, ఇంటికింత పప్పు, పెద్ద గుండిగలో అన్నం. ఎవరిది ఏ ఇల్లని గాని, ఏ కులమని గాని అడగకుండా వరసగా కూర్చుని అరిటాకుల్లో తిన్నాం. అరిటాకులకి కరువేముంది, తోటలన్నీ కొట్టుకొస్తుంటేను. ఆకలన్నవాడికి వేళాపాళా లేకుండా వండి పెట్టిన డొక్కా సీతమ్మగారు ఆ పక్కనే లంకల గన్నవరంలో ఉండేవారు. ఆవిడ 1909లోనే పోయినా, మా పెద్దవాళ్ల మాటల్లో మాత్రం నిన్నమొన్నటి మనిషి. గుండిగ దగ్గర గరిటె పట్టుకున్నావిడ ఎవరైనా కాస్త చేయి వెనక్కి తీసిందా, "ఏమ్మా, సీతమ్మగారి సీమలో అన్నానికి కొలతా?" అని ఎవరో ఒకరు అననే అనేవారు.

ఇంతకీ నాకు చెప్పాలనున్నది శుక్రవారం తెల్లవారుజాము సంగతి.

మామ్మ పక్కలోనే పడుకున్నాను. తన వేళకి తనకి మెలకువ వచ్చేసింది. లేచి కూర్చుంది. తీయడానికి గడియ లేదు. ముంచడానికి బాన లేదు. చల్లడానికి వాకిలి లేదు. చీకట్లో రెండడుగులు అటు వేసింది, ఆగింది, రెండడుగులు ఇటు వేసింది. జన్మలో ఏనాడూ ఖాళీగా ఉండి ఎరగని చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని మళ్లీ చాప మీదే కూర్చుంది. శివాలయం గంట మోగే వేళైంది. నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. గంట మోగలేదు. ఆ మోగకపోవడం ఎంత పెద్దగా వినపడిందో చెప్పలేను. గట్టు మీద ఉన్న ముసలివాళ్లందరూ ఆ క్షణాన లంక వైపు తల తిప్పడం నేను కళ్లారా చూశాను.

గట్టు మలుపులో ఓ ముసలి రావిచెట్టు ఉండేది. మామ్మ లేచి నా చేయి పట్టుకుని అక్కడికి నడిచింది. రావివేరు మీద కూర్చున్నాం. ఎదురుగా గోదారి. అవతలి ఒడ్డు లేదు. మా లంక లేదు, కొబ్బరిచెట్ల తలలు మాత్రం ఉన్నాయి. ముసురు రాత్రే వెలిసింది. నీళ్ల చప్పుడు అంటే ఘోష అనుకుంటారు గాని, అంత నీరు పారుతుంటే వచ్చేది ఘోష కాదు. నేల అడుగు నుంచి వచ్చే ఓ సన్నటి మూలుగు. కాసేపటికి చెవి దానికి అలవాటు పడి వినడం మానేస్తుంది, ఒళ్లు మాత్రం వింటూనే ఉంటుంది. తూర్పున ముందు బూడిదరంగు, తరవాత పసుపు, తరవాత ఆ ఎర్రనీళ్ల మీదే ఎర్రగా పొద్దు పొడిచింది. మామ్మ లేచి నిలబడి చెంబుతో గోదారి నీళ్లు ముంచి, సూర్యుడికి ఎదురుగా, ఉన్న చోటనే తనచుట్టూ తను మూడుసార్లు తిరిగింది. ఇన్నేళ్లూ తులసికోట చుట్టూ తిరిగిన మనిషి. దోసిట్లోంచి నీళ్లు గోదార్లోకే జారాయి. గోవింద నామాలు మొదలెట్టింది గాని మధ్యలో ఆగిపోయింది. మరిచిపోయి కాదు. ఊరికే ఆగి, చూస్తూ ఉండిపోయింది. నేను కొంగు పట్టి లాగితే, "ఉండవే అమ్మడూ, చూడనీ" అంది. ఆ గొంతు నాకు కొత్త. ఇంట్లో దేవుడి దగ్గర ఆవిడ గొంతు ఎప్పుడూ తొందరలోనే ఉండేది. పీట కడగాలి, వత్తి చేయాలి, నైవేద్యం చల్లారిపోతుంది, గేదె అరుస్తోంది. ఇక్కడ కడగాల్సింది ఏమీ లేదు.

తిరిగొచ్చాక ఇండుపగింజలు తీసింది. వరదనీళ్లు తాగాలంటే మాకు అదే దారి. కడవలో ఎర్రనీళ్లు నింపి, కడవ లోపలి గోడకి కాస్త తడి చేసి ఇండుపగింజ అరగదీయాలి. గింజ గుండ్రంగా, బొత్తాం కంటే కాస్త పెద్దగా, లేత పసుపురంగులో ఉంటుంది. అరిగిన గంధం నీళ్లలో కలిపి, ఒక్కసారి చేత్తో తిప్పి వదిలేయాలి. మామ్మ ఆ కడవని రావిచెట్టు కింద పెట్టి నన్ను కాపలా కూర్చోబెట్టింది. "దీన్నెవరూ కదపకుండా చూడు. నువ్వూ కదపకు. దానంతటదే తేరుకుంటుంది." నేను కడవలోకి వంగి చూస్తూ కూర్చున్నాను. ముందు ఏమీ కనిపించదు, అంతా ఎరుపే. తరవాత ఆ ఎరుపులో సన్నటి నలకలు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు దగ్గరికి చేరి, చిన్న చిన్న తెట్టులై, తొందర లేకుండా కిందికి దిగుతాయి. పైన ఓ వేలెడు మందాన తేట పడుతుంది. ఆ తేటలోకి ముందు రావాకు నీడ వచ్చింది. తరవాత ఆకాశం వచ్చింది. తరవాత నా మొహం. చుట్టూ ఇంత మంది అరుపులు, గేదెల రంకెలు, ఎవరి పిల్లాడో ఏడుపు, పక్కనే గట్టుని ఒరుసుకుంటూ అంత గోదారి. ఆ కడవలో మాత్రం ఏ అలికిడీ లేదు. నేను చేయి పెట్టలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు, అమ్మ వచ్చి ఉప్మా చల్లారిపోతోందని పిలిచేదాకా ఆకలి తెలీలేదు. ఆ తరవాత పెద్దపెద్ద గుళ్లకి వెళ్లాను, కొండలెక్కాను, ధ్యానం నేర్పే చోట కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఆ రావిచెట్టు కింద కడవ ముందు దొరికిన నెమ్మది మళ్లీ ఎక్కడైనా తగులుతుందేమోనని నిజంగా వెతుకుతూనే ఉన్నాను. ఒకటి రెండు చోట్ల తగిలింది. రెండూ నీటి ఒడ్డునే.

వ్రతం ఆగలేదు. అమ్మా పిన్నీ మొహాలు చిన్నబుచ్చుకుని కూర్చుంటే మామ్మే లేవదీసింది. కలశానికి ఆ ఇత్తడి చెంబే, అందులో తేరిన గోదారి నీళ్లు, పైన రావి ఇగుళ్లు, ఆ పైన వరదలో కొట్టుకొచ్చిన కొబ్బరికాయ. పసుపు ఎవరో ఇచ్చారు. తోరాలకి గేదె పలుపులోంచి నారపోగులు తీసి తొమ్మిది ముళ్లు వేసింది పిన్ని. తొమ్మిది పిండివంటలకి బదులు దోసెడు నానబెట్టిన శనగలు, బెల్లంముక్క. నానబోయమని మామ్మ అన్ని సార్లు చెప్పిన శనగలు, వాటిని మూటలోనే తడిపేసింది వరద. అమ్మవారి మొహం ఏదీ అని నేనడిగితే, మామ్మ గోదారి కేసి చూపించి, "ఇంకెవరి మొహమే, ఎదురుగా కూర్చుంటే!" అంది. గట్టు మీది ఆడవాళ్లంతా వరసగా వచ్చి కుంకం పెట్టించుకున్నారు. పేరంటానికి అంతమంది మా ఇంటికి ఎన్నడూ రాలేదు. కాసేపటికి మా మాస్టారు ఎక్కణ్నించో జెండా తెచ్చి సరుగుడు బాదుకి కట్టి ఎగరేశారు. బిళ్లలు లేవు. పాట పాడాం. మామ్మ శనగలే అందరికీ పంచిపెట్టింది.

శనివారం నీరు ఇంకా పెరిగింది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులన్నారు. ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కుల పైన కిందికి వదులుతున్నారన్నారు. అంకెలు మాకేం తెలుసు, గట్టు అంచుకి జానెడు కిందకి వచ్చాయి నీళ్లు, అది తెలుసు. రాత్రంతా మగాళ్లు లాంతర్లు పట్టుకుని గట్టు వెంట తిరుగుతూ బుంగ కనిపించిన చోటల్లా ఇసుక బస్తాలు వేశారు. దిగువన ఎక్కడో గండి పడిందని కబురొచ్చింది. గడ్డిమేట్లు, దూలాలు, గొడ్లు కొట్టుకొచ్చాయి. ఓ గడ్డిమేటు మీద రెండు కోళ్లు నిలబడి అలాగే వెళ్లిపోయాయి. మా గేదెల్లో ఒకటి గట్టు చేరనేలేదు. బాబాయి ఆ మాట ఒక్కసారి చెప్పాడు, మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రావిచెట్టు మీద మాత్రం వేరే లోకం. కింది కొమ్మ నిండా చీమలు, గుడ్లు నోట కరుచుకుని. దాని పైకొమ్మకి చుట్టుకుని ఓ పాము. అదే కొమ్మ చివర నానిపోయిన ఎలక ఒకటి. పాము ఎలక జోలికి పోలేదు, ఎలక పామును చూసి పారిపోలేదు. పిల్లలెవరో రాయి తీస్తే మామ్మ చేయి పట్టుకుని ఆపింది. "అదీ మనలాగే ఇల్లొదిలి వచ్చింది. ఈ నాల్రోజులూ అందరిదీ ఒకటే గట్టు." నిజంగానే ఆ తరవాత ఆ చెట్టుని ఎవరూ ముట్టుకోలేదు, ఒక్క కొమ్మ కూడా పొయ్యికి విరవలేదు. పుల్లలకి అంత కటకటగా ఉన్నా.

పంతులుగారు కూడా గట్టు మీదే ఉన్నారు. రోజూ అభిషేకం వేళకి ఆయన గట్టు అంచున నిలబడి, ధ్వజస్తంభం కొస కనిపించే దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టేవారు. "స్వామికి నీళ్లు పోయలేకపోతున్నామండీ" అని ఎవరో బాధపడితే, "మనం పోసేది చెంబెడు. ఇప్పుడు అమ్మే పోస్తోంది, ధార తెగకుండా" అన్నారు. ఆ మాట గట్టంతా పాకింది. ఆ తరవాత లంక వైపు చూసే చూపుల్లో దిగులు కాస్త తగ్గినట్టు నాకనిపించేది.

తీత పట్టాక పౌర్ణమి వచ్చింది. జంధ్యాల పూర్ణిమ. టీకాలవాళ్లు వచ్చి పొడిచి వెళ్లారు, చేతులు వాచాయి. హెలికాప్టర్ ఓసారి మా మీదుగా తిరిగి పొట్లాలు వేసింది, సగం నీళ్లలో పడ్డాయి. ఇవన్నీ పగటి కబుర్లు. రాత్రి మాత్రం అంత వెన్నెల నేను ఎప్పుడూ చూడలేదు. అడ్డు లేదు గదా. చెట్టు నీడ లేదు, ఇంటి చూరు లేదు, ఎంతమేర చూపు ఆనితే అంతమేరా నీళ్లు, నీళ్ల మీద వెన్నెల. పిల్లలు కూడా అల్లరి మానేశారు. తాతయ్య ఇక్కడా గట్టు వార గుచ్చిన పుల్ల ఇప్పుడు నీళ్లకి రెండు మూరల పైన పొడిగా నిలబడుంది. మామ్మ నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని, "ఇన్నేళ్లూ రోజూ దీని పక్కనే ఉన్నానే. నీళ్లు తోడుకున్నాను, బట్టలుతుక్కున్నాను, ఒడ్డున దీపాలు పెట్టాను. కూర్చుని చూసింది లేదు" అంది. ఎవరితో అందో నాకు తెలియలేదు. నాతోనో, గోదారితోనో.

లంకకి తిరిగొచ్చేసరికి ఇల్లు నిలబడే ఉంది. ఓ పక్క గోడ కూలింది, పెంకులు జారాయి, వాకిట్లో మోకాలెత్తు ఒండ్రు. ఆ వాసన వేరు. కొత్త కుండది కాదు, వానకి తడిసిన మట్టిది కాదు. ఎన్నో ఊళ్ల ఆకులు, వేళ్లు, అడవి మన్ను కలిసి కుళ్లీ కుళ్లకుండా ఉన్న పచ్చి వాసన. తాతయ్య ఓ పిడికెడు తీసి నలిపి చూసి, "ఈసారి అడివి మన్ను ఎక్కువొచ్చింది, కంద బ్రహ్మాండంగా ఊరుతుంది" అన్నాడు. కూలిన గోడ ఆయనకి ఆ తరవాత కనిపించింది. అమ్మావాళ్లు పారలతో ఒండ్రు ఎత్తి పెరట్లో పోశారు. నూతిలో నీళ్లు తోడి తోడి సున్నం వేశారు. తులసికోట ఉంది గాని తులసి లేదు. అటక మీది గంపలో దేవుళ్లు చెక్కుచెదరకుండా ఉన్నారు, బియ్యం డబ్బా మాత్రం దొర్లి పోయింది. ఆ ఏడు కంద తాతయ్య చెప్పినట్టే ఊరింది, ఒక్కో దుంప ఎత్తడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

కొత్త తులసి వేశారు. గోడ లేచింది. గంట మళ్లీ మోగింది. పేడనీళ్ల చప్పుడు, గిలక చప్పుడు, నామాలు, అన్నీ వాటి వరసలోకి వచ్చాయి. కానీ ఒకటి మారింది. పేడనీళ్లు చల్లాక మామ్మ నూతి దగ్గరికి వెళ్లడానికి ముందు దొడ్డిదారిన రేవుకి వెళ్లేది. చెంబూ తీసుకెళ్లేది కాదు, పూలూ తీసుకెళ్లేది కాదు. కొబ్బరిమొద్దు మీద కూర్చుని వచ్చేది. చలికాలంలో కూడా, మంచుకి అవతలి ఒడ్డు ఆనకపోయినా. ఆవిడ మోకాళ్లు చూసి బాబాయి రేవు దిగే చోట తాటిమొద్దులు పాతి మెట్లు కట్టాడు. పండగనాడు ఇంట్లో ఎంత పని ఉన్నా ఆ కూర్చోవడం మానేది కాదు. ఇంట్లో ఎవరం అడగలేదు, ఆవిడా చెప్పలేదు. సెలవుల్లో నేను వెళ్తే పక్కన చోటు చూపించేది, అంతే.

ఓ కార్తికంలో పంతులుగారే అడిగారు. "ఏం పెద్దమ్మగారూ, ఇదివరకు కార్తికం వస్తే గంట కొట్టేసరికి గుడి మెట్ల మీద ఉండేవారు, ఈమధ్య కాస్త వెనకపడుతున్నారు, ఒంట్లో బాగుంటోందా?"

"బాగానే ఉన్నానండి పంతులుగారూ" అంది మామ్మ. "ముందు అక్కడ కూర్చుని వస్తున్నానండి. మీకు తెలియనిదేముంది."

పంతులుగారు తల ఊపి, తీర్థం పోస్తూ ఓ ఉద్ధరిణె ఎక్కువే పోశారు.